మా అన్నను పీరు వదిలిన ఏడు

మొన్న బెల్లంకొండ నుంచి ఒక పాత పరుపు ఏకడానికి వచ్చింది. తెచ్చిన బండివాడు దాన్ని మా వాకిట్లో దొర్లించి, "దీంట్లో దూది రాయయిపోయిందంట. మా అమ్మగారికి నడుం పట్టేసింది" అని చెప్పి పోయాడు. అంచు కుట్టు విప్పుదామని కూర్చుని, కత్తి పెట్టబోయి ఆగాను. మూల దగ్గర దారాన్ని మూడు ముడులు వేసి, ఆ ముడుల్ని లోపలికి తోసి, పైన ఎవరికీ కనిపించకుండా ఇంకో కుట్టు వేసి ఉంది. ఈ చుట్టుపక్కల ఇంత అక్కర్లేని పని చేసే దూదేకులవాడు ఒక్కడే ఉండేవాడు. మా అన్న.

ఇక్కడ నా కళ్ళు చెమర్చాయని రాస్తే బాగానే ఉంటుంది. నిజానికి తిట్టుకున్నాను. ఆ ముడులు విప్పడానికి అరగంట పట్టింది.

పేరుకు మేం సాయిబులం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, తినేది జొన్నన్నం, గోంగూర. నమాజు ఎట్లా చేస్తారో మా ఇంట్లో ఎవరికీ రాదు. మసీదు అంటే నరసరావుపేటలో ఉంటుందని మాత్రం తెలుసు. మాకు తెలిసిన భక్తి అంతా పీర్ల చావిట్లో ఒక కొయ్య పెట్టెలో ఉండేది. పొడుగాటి వెదురు గడ, దాని చివర ఇత్తడి చెయ్యి, గడ చుట్టూ జనం మొక్కుకుని కట్టిన రంగుగుడ్డలు. అదే పీరు. ఏడాదికోసారి మొహరానికి పెట్టెలోంచి తీసి నిలబెట్టి, పదో రోజున ఊరంతా తిప్పి, వాగులో కడిగి, మళ్ళీ పెట్టెలో పడుకోబెడతారు. ఊళ్ళో మా వాళ్ళవి మూడే ఇళ్ళు. పీరుకు మొక్కేది మాత్రం ఊరు ఊరంతా. ఎత్తేది మా ఇంటివాళ్ళే.

అన్నకు ముందు అమ్మకు ముగ్గురు పుట్టి, నడక రాకుండానే పోయారు. నాలుగోవాణ్ణి పుట్టిన మూడో రోజునే మా నాన్న చేటలో పెట్టుకుపోయి పెద్దపీరు కాళ్ళ దగ్గర ఉంచాడు. పీరుకు కాళ్ళుండవు, గడ ఉంటుంది. మా నాన్న ఆ సంగతి పట్టించుకోలేదు. "వీణ్ణి ఉంచావా, వీడి భుజం ఉన్నన్నాళ్ళూ నిన్ను మోస్తాడు" అని మొక్కాడు. అన్న ఉన్నాడు. ఆ తర్వాత ఆరేళ్ళకు నేను ఏ మొక్కూ లేకుండా ఊరికే పుట్టాను. నా బతుకు మీద ఎవరికీ హక్కు లేదని చాలాకాలం గర్వపడుతుండేవాణ్ణి.

అన్న పీరెత్తితే చూడాలి. మామూలప్పుడు మాటను నమిలి మింగే మనిషి. నిప్పుల గుండం చుట్టూ మూడుసార్లు తిరిగేసరికి కళ్ళు ఎర్రబడి, ఒళ్ళు ఊగిపోయి, గొంతు మారిపోయి, మునసబు గారిని కూడా "ఒరేయ్" అనేవాడు. మునసబు గారు ఆ ఒక్కరోజూ చేతులు కట్టుకుని "తండ్రీ" అనేవారు. మర్నాడు పొద్దున ఇద్దరూ మామూలైపోయేవాళ్ళు. ఎవరి గేదె ఎటు పోయిందో, ఎవరి కోడలు ఎప్పుడు కాపరానికొస్తుందో పీరు చెప్తే చాలావరకు నిజమయ్యేది. ఏడాది పొడుగునా ఇంటింటి వసారాలో కూర్చుని దూది ఏకే మనిషికి ఆ మాత్రం తెలియకపోతేనే విడ్డూరం. ఈ మాట ఒకసారి పైకే అన్నాను. అమ్మ గరిటెతో కొట్టింది.

అటువంటి మనిషి మారాడు. యుద్ధం మూలాన గుడ్డకు కంట్రోలు వచ్చిన రోజులు. పరుపుగుడ్డ కోసం నరసరావుపేట వెళ్ళి వారం రోజులు కంట్రోలు షాపు ముందు నిలబడ్డాడు. పగలు షాపు ముందు, పొద్దుగూకితే మసీదు వరండాలో. అక్కడ ఒక ముసలాయన రోజూ కూర్చోబెట్టుకుని చెప్పాడట. వారం అయినా గుడ్డ దొరకలేదు. మా అన్నకు దేవుడు దొరికాడు. నేను ఈ మాట అన్నప్పుడు అమ్మ నవ్వింది. ఆ విషయం మీద మా ఇంట్లో నవ్వడం అదే ఆఖరు.

మీసం తీసేసి, గడ్డం మొలిపించుకుని, నెత్తిన టోపీతో, లుంగీ చీలమండల పైకి కట్టుకుని వచ్చాడు.

"ఏందన్నా, వాగేమన్నా దాటాలా? లుంగీ అంత పైకి కట్టావు?" అన్నాను.

అంతకుముందైతే నెత్తిన మొట్టేవాడు. ఇప్పుడు ఓర్పుగా చూశాడు. ఆ ఓర్పు చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

"చిన్నోడా, మనం ఇన్నాళ్ళూ నిద్దరపోయాం రా."

"నువ్వు పోయావేమో. నేను దూది ఏకతన్నా."

నవ్వలేదు. వెళ్ళి గోలెంలో నీళ్ళు ముంచుకుని మోచేతుల దాకా కడుక్కోవడం మొదలుపెట్టాడు. ఆ కడగడం ఇక ఆగలేదు. రోజుకు ఐదుసార్లు చేతులూ మొహమూ కాళ్ళూ తడుపుకుని వచ్చి దూదిలో కూర్చుంటే ఏమవుతుందో ఎవరికైనా తెలుసు. తడి గడ్డానికి నూగు అంటుకునేది. పొద్దున ఇరవయ్యారేళ్ళ మనిషి, పొద్దు వాలేసరికి అరవయ్యేళ్ళ ముసలాయన. దారినపోయే ఆడవాళ్ళు, "మీ నాయన వచ్చాడా అబ్బాయ్?" అని అడిగేవాళ్ళు. మా నాన్న పోయి అప్పటికి నాలుగేళ్ళు.

ఆ ముసలాయన ఏం చెప్పి పంపాడో గానీ, అన్న నాలుక్కి ఒక మాట అతుక్కుంది: "అడుగుతారు." కొత్త దూదిలో కాస్త పాతది కలుపుదామంటే, "అడుగుతారు రా." పక్క చేలో దోసకాయ తెంపితే, "అడుగుతారు."

"ఎవరన్నా అడిగేది?"

"అక్కడ."

"అక్కడ తెలుగులో అడుగుతారా? మనకు ఇంకో భాష రాదు గదా."

దూది ఏకే వింటినారి మీద కొట్టే కొయ్య అన్న చేతిలో ఆగిపోయింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. శుక్రవారం తెల్లారకముందే లేచి పేట నడిచి వెళ్ళి, శనివారం సాయంత్రం కాళ్ళు బొబ్బలెక్కి తిరిగొచ్చాడు. "ఎవరి భాషలో వాళ్ళని అడుగుతారంట రా" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. వేళాకోళానికి అన్న మాటకు పేట దాకా నడిచి జవాబు తెచ్చే మనిషిని ఏం చెయ్యాలి? ఆ తర్వాత వేళాకోళం ఆడాలంటే నాకు ముందు ఆ బొబ్బలు గుర్తొచ్చేవి.

అన్నకు చదువు రాదు. నేను అయిదో క్లాసు దాకా చదివాను. పేటలో ఎవరో నమాజులో చదివేవన్నీ తెలుగు అక్షరాల్లో ఒక నోటుబుక్కులో రాసిచ్చారు. తెల్లవారుజామున నన్ను లేపి చదవమనేవాడు. నేను ఆవలిస్తూ ఒక్కో ముక్కా చదివితే, అన్న కళ్ళు మూసుకుని తిరిగి చెప్పేవాడు. నాలుగు ముక్కలయ్యాక మొదటిది మరిచిపోయేవాడు. నెల తిరిగేసరికి ఆ పుస్తకం మొత్తం వచ్చేసింది, నాకు. అన్నకు సగమే వచ్చింది. "నీకు అక్కర్లేకపోయినా ఇచ్చాడు రా, చూడు" అనేవాడు అసూయగా. నాకు మాత్రం నిద్ర ఇచ్చినా బాగుండేదనిపించేది.

చలికాలం మాకు పని కాలం. ఇద్దరం ఊళ్ళ మీద పడేవాళ్ళం. విల్లు అన్న భుజాన, సూదులూ దారమూ నా సంచిలో. ఒకడు ఏకాలి, ఒకడు కుట్టాలి, మూల కుట్లు మాత్రం ఎప్పుడూ అన్నవే. ఇద్దరం కలిస్తేనే ఒక పరుపు. అందుకే కోపం వచ్చినా విడిపోవడం మా వృత్తిలో లేదు. ఒకసారి ఒక రైతు ఇంటి దొడ్లో పనిచేస్తుంటే వేళయిందని లేచి, పడమటి దిక్కు చూసుకుని నిలబడ్డాడు. ఆ దొడ్లో పడమటి దిక్కున వాళ్ళ గేదె కట్టేసి ఉంది. ఇంటావిడ చేట పట్టుకుని వచ్చి అట్లాగే నిలబడిపోయింది.

"ఏందయ్యా, మా గేదెకు దణ్ణం పెడతన్నాడు మీ అన్న?"

"గేదెకి కాదు పిన్నీ. గేదె అడ్డమొచ్చింది."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, పలుపు విప్పి గేదెను అవతలికి తీసుకెళ్ళి కట్టింది. ఆ రోజు మాకు చద్దన్నంలో పెరుగు కూడా వేసింది. అన్న భక్తిని ఊళ్ళో వాళ్ళు ఎవరూ కాదనలేదు. ఇంట్లో వాళ్ళకే ఊపిరాడలేదు. నేను ఈల వెయ్యకూడదు. అమ్మ అంకమ్మ కొలుపుకు పోకూడదు. పక్కింటి అత్త పెట్టిన ప్రసాదం వెనక్కి పంపాలి. ఆ ప్రసాదం నేను దారిలోనే తినేసి, ఖాళీ ఆకు తిరిగిచ్చేవాణ్ణి. ఇల్లు రెండంకణాలది. అందులో ఒక అంకణం నిండా అన్న నిశ్శబ్దం ఉండేది, రెండో దాంట్లో అమ్మ నిట్టూర్పు. నేను గడపలో పడుకునేవాణ్ణి.

అప్పుడే నడికుడి స్టేషన్‌లో రైలుపట్టాల పనికి గ్యాంగు కూలీలను చేర్చుకుంటున్నారని తెలిసింది. వెళ్ళి పేరు ఇచ్చి వచ్చాను. మొహరం కాగానే వెళ్ళిపోదామనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

మొహరం నెలపొడుపు కనిపించింది. చావిడి ముందు గుండానికి మొదటి గడ్డపార వెయ్యాల్సింది మా ఇంటి మనిషే. మునసబు గారు కబురు పెట్టారు. అన్న గడప దాటలేదు.

"నేను ఎత్తనమ్మా ఈ ఏడు. ఇంకెప్పుడూ ఎత్తను."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది. "ఏందిరా పెద్దోడా ఆ మాట? నువ్వు ఎత్తకపోతే నువ్వుంటావా?"

"నన్ను ఉంచింది ఆ ఇత్తడి చెయ్యి కాదమ్మా. అల్లా."

"అల్లానే. కాదన్నానా? నేను ఆయన్ని చావిట్లోనే చూశా."

దీనికి జవాబు పేటలో కూడా దొరకదని నాకు అనిపించింది. అన్న తలవంచుకుని, "తప్పమ్మా, చానా తప్పు" అన్నాడు. అమ్మ పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లింది.

"అయితే విను. నువ్వు పీరెత్తిందాకా నేను మెతుకు ముట్టను."

"నీకేమన్నా అయితే?"

"నాకయితే నీకు కాదు గదా. అదే నాక్కావాల్సింది."

అన్న మొహంలో రక్తం దిగిపోయింది. "నువ్వు తినకపోతే నేనూ తినను" అన్నాడు. పంతానికి ఎవరి పోలికో తెలిసింది.

అట్లా మా ఇంట్లో ఇద్దరు కడుపు మాడ్చుకుంటే, వండేవాణ్ణీ నేనే, తినేవాణ్ణీ నేనే అయ్యాను. వాళ్ళిద్దరి మధ్య కూర్చుని జొన్నన్నం నమిలితే ఆ చప్పుడు ఊరంతా వినిపిస్తున్నట్టుండేది. రెండో రోజు నుంచి పక్కింటి అత్త వాళ్ళింట్లో తిన్నాను. అమ్మ మంచినీళ్ళు తాగేది, అత్త బలవంతం మీద ఒక చెంబు పల్చటి మజ్జిగ. అన్నకూ మంచినీళ్ళూ మజ్జిగే. అంతే. ఆరో రోజుకు గోడ పట్టుకుని నడిచింది. ఎనిమిదో రోజుకు నడవలేదు. నులకమంచంలో ఒక చీర ఆరేసినట్టుంది.

మునసబు గారు మా వాకిట్లోకొచ్చి కేకలేశారు. "మీ పంతాలు మీవి. పదో నాడు పీరు లేవకపోతే ఊరు ఊరుకోదు."

తొమ్మిదో రోజు సాయంత్రం అన్న కనిపించలేదు. వెతుక్కుంటూ పోతే చావిడి ముందు, చింతనిప్పులు పోసిన గుండానికి ఇవతలగా నిలబడి ఉన్నాడు. లోపల పీర్లు నిలబెట్టి ఉన్నాయి, ఊదు పొగ వస్తోంది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, కుడి చెయ్యి ఎడమ మణికట్టును పట్టుకుని ఉంది. దొంగను పట్టుకున్నట్టు గట్టిగా. వేళ్ళు తెల్లబడిపోయాయి. నేను పక్కన నిలబడ్డాను.

"అన్నా, ఒక్కసారి ఎత్తి పారెయ్. అమ్మ తింటుంది. తర్వాత పేట పోయి ఆ పెద్దాయన్ని అడుగు, ఏదో ఒకటి చెప్తాడు."

"ఆయన చెప్పేదానికి కాదు రా." గుండం వైపే చూస్తున్నాడు. "నన్ను ఇన్నేళ్ళు చూశావుగా. పూనకం దొంగదనుకున్నావా?"

అనుకున్నానని చెప్పలేదు.

"గుండం చుట్టూ తిరిగిందాకా నాకు తెలుసు. ఆ తర్వాత తెలవదు. ఎవరు మాట్లాడారో, ఏం మాట్లాడారో తెలవదు. మర్నాడు మీరు చెప్తే వినేవాణ్ణి. పదేళ్ళు, ఏడాదికొక రోజు, నేను లేను. ఆ రోజుల సంగతి అడిగితే నేనేం చెప్పాలి? అదే నా భయం." మణికట్టు వదలకుండానే నా వైపు తిరిగాడు. "రేపు నువ్వెత్తు. అమ్మకి ఏదో ఒకటి చెప్పు."

"ఏం చెప్పను? మొక్కు నా మీద లేదుగా."

"నీకు మాటలొచ్చు గదా" అన్నాడు. వెళ్ళిపోయాడు.

పుట్టి బుద్ధెరిగాక నా మాటలు ఒకరికి అవసరమవడం అదే మొదలు.

పదో రోజు పొద్దున పీరు నేనెత్తాను. మునసబు గారు సణిగారు గానీ, ఎవరో ఒకడు ఎత్తుతున్నాడు గదా అని ఊరుకున్నారు. గుడ్డలన్నీ కట్టిన పీరు ఎంత బరువో అన్న ఎప్పుడూ చెప్పలేదు. గాలి వీస్తే అది ఒక వైపు లాగుతుంది, మనిషి ఇంకో వైపు పోతాడు. చూసేవాళ్ళకు ఊగుతున్నట్టే ఉంటుంది. ప్రతి గడపలోనూ ఆడవాళ్ళు బిందెతో నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోసి, కష్టం చెప్పుకుని, గుండంలోంచి తెచ్చిన బూడిద బొట్టు పెట్టించుకున్నారు. నేను నోరు విప్పలేదు. "పీరు ఈ పిల్లోడి మీదికి రావడంలే" అని వెనకాల ఎవరో అనడం వినిపించింది. అది నిజం. నేను ఎంత వెతికినా లోపల నేనే ఉన్నాను. చెమట పడుతూ, మెడ నొప్పెడుతూ.

మా గడప వచ్చింది. పక్కింటి అత్త సంకల కింద చేతులు వేసి అమ్మను నిలబెట్టింది. చెంబులో నీళ్ళు వణికి సగం దారిలోనే ఒలికాయి. మిగిలినవి నా కాళ్ళ మీద పోసింది. వంగి నా పాదాలు పట్టుకుంది. కన్నతల్లి మన కాళ్ళు పట్టుకుంటే ఎట్లా ఉంటుందో కూడా అన్న ఎప్పుడూ చెప్పలేదు.

"నా పెద్దోడు నిన్ను ఎత్తనన్నాడు తండ్రీ. పిల్లోడికి తెలవదు. వాణ్ణి తీసుకోబాక. నన్ను తీసుకో."

డప్పులు ఆగాయి. ఇంటి లోపల, తలుపు వెనక, గోడకు ఆనుకుని అన్న నిలబడి ఉన్నాడని నాకు తెలుసు. గడప కింది నుంచి నీడ కనిపిస్తోంది.

నేను పొద్దుటి నుంచీ కూర్చుకున్న వాక్యం ఒకటుంది, నిదానంగా, పెద్దమనిషి తరహాలో చెప్పాల్సింది. అది రాలేదు. గొంతు చించుకుని ఒక అరుపు వచ్చింది.

"ఒదిలా! మీ పెద్దోణ్ణి ఒదిలేశా! వాడు మోసింది చాలు! మొక్కు తీరింది! లేచి అన్నం తినవే!"

ఆఖరి మాట పీరుది కాదు, నాదే. ఎవరూ పట్టించుకోలేదు. జనం ఒక్కసారి హోరెత్తారు. మునసబు గారు చేతులు కట్టుకున్నారు. అమ్మ అట్లాగే నా కాళ్ళ మీద పడి ఏడ్చింది. ఆ మధ్యాహ్నం అత్త తినిపిస్తే బెల్లపునీళ్ళు తాగి, రెండు ముద్దలు తిన్నది. ఆ సంగతి విన్నాకే అన్న గంజి తాగాడట.

పీర్లను వాగులో కడిగి వచ్చేసరికి అన్న దొడ్లో నిలబడి ఉన్నాడు.

"ఎవర్రా నన్ను ఒదిలింది?"

"నాకు మాటలొచ్చు అన్నావుగా."

"అబద్ధం చెప్పమన్నానా? నన్ను ఎవరూ ఒదల్లేదు. నేనే ఒదులుకున్నా. లేనోడు నన్ను ఒదిలేదేంది? రేపు ఊళ్ళో ఏమనుకుంటారు? పీరు దయవల్ల నమాజు చేసుకుంటన్నాడు అనుకుంటారు."

అట్లాగే అనుకున్నారు. మర్నాడు పొద్దునే మునసబు గారు అన్నను ఆపి, "పీరే నిన్ను పొమ్మన్నాడు గదా, ఇంక భయం లేకుండా చేసుకో నీ నమాజు" అని భుజం తట్టారు. అన్న మొహం చూడాల్సింది. జైలు గోడ దూకి పారిపోదామని సిద్ధమైనవాడికి జైలరు వచ్చి తలుపు తీసినట్టుంది.

వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పరుపు కుడుతూ, తల ఎత్తకుండా, "అమ్మ ఆ రోజు ఎంత తిన్నది?" అన్నాడు.

"రెండు ముద్దలు."

"ఊఁ" అన్నాడు. ముడి మీద ముడి వేసుకుంటూ పోయాడు.

నా సంగతి వేరే అయింది. ఎన్నడూ రానివాడి మీదికి పీరొచ్చాడు, అదీ తల్లి ప్రాణం నిలబెట్టడానికి. ఊళ్ళో ఇంకేం మాట్లాడుకుంటారు? నాకంటే పెద్దవాళ్ళు వచ్చి పక్కన కూర్చుని, జ్వరాల సంగతీ చుట్టాల సంగతీ అడగడం మొదలుపెట్టారు. నేను వేసే హాస్యానికి కూడా అర్థం వెతుక్కుని ఇంటికి పట్టుకుపోయేవాళ్ళు. హాస్యగాడికి అంతకంటే శిక్ష లేదు. నడికుడి నుంచి కబురొచ్చిన రోజు అమ్మతో చెప్పాను. "పీరు నీ మీదికొచ్చినాక ఊరిడిచి ఎట్టా పోతావురా?" అన్నది, నేనేదో తమాషాకు అంటున్నట్టు. నా గ్యాంగు పని ఇంకెవరికో వెళ్ళింది. ఏ మొక్కూ లేకుండా పుట్టినవాణ్ణి నా నోటితో నేనే కట్టేసుకున్నాను.

ఆ ఎండాకాలం ఈ వైపు కలరా వచ్చింది. పక్క ఊళ్ళో ఒక సాయిబుల ఇంట్లో ముసలామె, కొడుకు ఒకే రోజు పోయారు. శవానికి స్నానం చేయించడానికి భయపడి ఎవరూ రాలేదు. మా అన్నకు కబురొచ్చింది. లేచి టోపీ పెట్టుకున్నాడు.

"పోబాక అన్నా. జబ్బుకి నీ గడ్డం తెలవదు."

"పోకపోతే అడుగుతారు రా."

వెళ్ళి కొడుక్కి స్నానం చేయించాడు, ముసలామె పని ఎట్లా చెయ్యాలో గడప బయట నిలబడి వాళ్ళ ఆడవాళ్ళకు చెప్పాడు. రెండు గోతులూ దాదాపు తనే తవ్వాడు. ఆ తర్వాత ఇంకో ఇల్లు, మరో ఇల్లు. ఎవరు పోయినా, కులం అడక్కుండా వెళ్ళాడు. అయిదో రోజు పొద్దున వాంతి అయింది. మధ్యాహ్నానికి మంచంలో మనిషి సగమయ్యాడు. గంజిలో ఉప్పు వేసి చెంచాతో పోస్తున్నాను. అమ్మ నీళ్ళకు వెళ్ళింది.

"చిన్నోడా. పీరు ఒదిలాడన్నావే, అది నీ మాటేనని అమ్మకి ఎప్పుడూ చెప్పబాక."

"చెప్పను."

"ఇప్పుడు చెప్తే, మొక్కు వల్లే పోయాడనుకుంటది. ఇంక తినదు."

అబద్ధం చెప్పమన్నానా అని తిట్టిన మనిషే ఇంతటి అబద్ధం జీవితాంతం మొయ్యమంటున్నాడు. పాత అలవాటు కొద్దీ నా నోరు ఊరుకోలేదు. "అడుగుతారేమో అన్నా?"

కళ్ళు తెరిచాడు. నవ్వాడనే అనుకుంటున్నాను, పెదాలు ఎండిపోయి సరిగా తెలియలేదు.

"నన్ను అడగనీలే. నేను చెప్పుకుంటా."

పొద్దు వాలకముందే పోయాడు.

అమ్మ ఏడ్చింది గానీ, నేను భయపడ్డట్టు ఏడవలేదు. వచ్చినవాళ్ళందరితో ఒకటే మాట: "పీరు ఒదిలేశాడమ్మా వాణ్ణి. పీరు పని కాదిది. ఊళ్ళో జబ్బు." వేళకు రెండు ముద్దలు తినేది. నేను చూస్తూ కూర్చునేవాణ్ణి. నేను పీరును నమ్మను. నమ్మనివాడు కూడా మొక్కు సంగతి ఎన్నిసార్లు లెక్కవేసుకుంటాడో చెప్తే నమ్మరు. ఎత్తనన్నాడు, వదిలానని నేను అబద్ధం చెప్పాను, ఏడు తిరక్కుండా పోయాడు. జబ్బే. జబ్బేనని రోజూ నాకు నేను చెప్పుకుంటాను.

పోయిన మొహరానికి పీరు మళ్ళీ నేనే ఎత్తాను. ఈసారి ఎవరూ సణగలేదు. ఒక్కో గడపా దాటి మా గడపకొచ్చాం. అమ్మ ఒక్కతే నడిచొచ్చి, నిండు బిందె నా కాళ్ళ మీద పోసింది. వంగి పాదాలు పట్టుకుంది.

"నా పెద్దోడు ఎట్టా ఉన్నాడు తండ్రీ?"

డప్పులు ఆగాయి. జనం చెవులు రిక్కించారు. ఇది నేను అనుకోలేదు. ఊగలేదు, అరవలేదు, గొంతు మార్చడం గుర్తే రాలేదు.

"బాగున్నాడు" అన్నాను.

అమ్మ చాలాసేపు లేవలేదు. తర్వాత నా మోకాలు పట్టుకుని లేస్తూ, నాకొక్కడికే వినిపించేట్టు అన్నది:

"భుజం నొస్తంటే కాసేపు దించుకుని ఎత్తుకో చిన్నోడా. ఇంకా చానా ఇళ్ళున్నయ్."

ఎప్పటి నుంచి తెలుసో అడుగుదామని నోరు తెరిచాను. డప్పులు మొదలైపోయాయి. జనం నన్ను ముందుకు నెట్టారు. పక్కింటి అత్త నిండు బిందె చంకన పెట్టుకుని, మిలిటరీకి పోయిన కొడుకు ఎప్పుడొస్తాడో అడగడానికి గడపలో నిలబడి ఉంది.